బెర్లిన్‌లో శని, ఆదివారాలు ఎలా గడుపుతున్నారు?

కొత్తగా_వచ్చినవాడు

అందరికీ నమస్తే. మాది జగిత్యాల. మాస్టర్స్ కోసం బెర్లిన్ వచ్చి మూడు వారాలైంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా క్లాసులు, అడ్రస్ రిజిస్ట్రేషన్, బ్యాంకు పనులతో రోజులు తెలియకుండా గడిచిపోతున్నాయి. శనివారం పొద్దున లేవగానే దిగులు మొదలవుతుంది. మొన్న ఆదివారం బియ్యం అయిపోయాయి, కొనుక్కొద్దామని వెళ్తే వీధంతా షట్టర్లు దించేసి ఉంది. గదికి వచ్చి చీకటి పడేదాకా ఫోన్ చూస్తూ పడుకున్నాను. అమ్మ వీడియో కాల్‌లో "ఏం తిన్నవ్ బిడ్డా?" అంటే బిర్యానీ అని చెప్పాను. అబద్ధం ఆడినందుకు ఇప్పటికీ మనసు బాగాలేదు.

వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచిన బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకు వచ్చే 992 యూరోలతోనే అన్నీ గడవాలి. క్లబ్బులు, పార్టీలు నాకు పడవు. పెద్ద ఖర్చు లేకుండా మీరు వీకెండ్ ఎలా గడుపుతున్నారో చెప్పండి ప్లీజ్.

హనుమకొండ_అక్క

తమ్ముడూ, షట్టర్లు దించిన ఆదివారం నాకూ ఎదురైంది, మొదటి నెలలో. ఇక్కడ చట్టమే అంత, ఆదివారం దుకాణాలు మూసి ఉంచాలి. పెద్ద రైల్వే స్టేషన్లలో ఉన్నవి మాత్రం తెరుస్తారు. ఇంకోసారి బియ్యం అయిపోతే మెయిన్ స్టేషన్ హాప్ట్‌బాన్‌హోఫ్‌కి వెళ్ళు, పస్తులుండకు.

పోయిన వారం నేనేం చేశానో చెప్తాను. నా శని, ఆదివారాలు రెండూ యు8 మెట్రో లైను మీదే గడుస్తాయి. సెమెస్టర్ ఫీజులోనే టికెట్ ఉంటుంది కాబట్టి దారి ఖర్చు లేదు.

శనివారం పొద్దున వారమంతా పోగైన ఖాళీ ప్లాస్టిక్ సీసాలు సంచిలో వేసుకుని సూపర్ మార్కెట్‌కి వెళ్ళాను. మెషిన్లో వేస్తే సీసాకి 25 సెంట్లు వెనక్కి వస్తాయి. పన్నెండింటికి 3 యూరోల చీటీ వచ్చింది, ఉల్లిగడ్డలకూ పెరుగుకూ సరిపోయింది. రెండు రోజులకు సరిపడా పప్పు వండి పెట్టేశాను.

మధ్యాహ్నం లైనెష్ట్రాసె స్టేషన్లో దిగి టెంపెల్‌హోఫ్ మైదానానికి నడిచాను. అది పాత విమానాశ్రయం. 2008లో మూసేసి, 2010లో పార్కుగా జనానికి వదిలారు. అంచుల్లో ఇళ్ళు కడతామని ప్రభుత్వం అంటే, 2014లో ఊరంతా ఓటేసి వద్దంది. అందుకే రన్‌వేలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, వాటి మీద సైకిళ్ళు, స్కేట్లు. 1948లో సోవియట్లు రోడ్లు, రైళ్ళు మూసేస్తే పశ్చిమ బెర్లిన్‌కి పిండీ బొగ్గూ మోసిన విమానాలు దిగిన చోట్లలో ఇదొకటి. పైలట్లు చేతిరుమాళ్ళకు చాక్లెట్లు కట్టి కంచె దగ్గర నిలబడ్డ పిల్లలకు జారవిడిచేవాళ్ళు. నాకు ఆ నేల మీద నిలబడ్డ ప్రతిసారీ ఇది గుర్తొస్తుంది.

అక్కడ గాలికి అడ్డమే లేదు. సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు నాలుగు కాగితం పతంగులు, చర్ఖా, సాదా దారం సూట్‌కేసులో పెట్టుకొచ్చాను. మాంజా తేలేదు, అది ఎక్కడైనా ప్రమాదమే. చుట్టూ మనిషిని లాక్కెళ్ళేంత పెద్ద నైలాన్ పతంగులు ఎగురుతున్నాయి. రన్‌వే పక్క గడ్డిలో కూర్చుని సూత్రం కడుతుంటే ఏడెనిమిదేళ్ళ పాప వచ్చి పక్కనే నిలబడింది. వాళ్ళమ్మ తలూపాక చర్ఖా పాప చేతికిచ్చాను. పతంగి లేచీ లేవగానే గాలికి దారం సర్రున సాగింది, పాప రెండు చేతుల్లో చర్ఖా గిరగిరా తిరిగింది. "డీల్, డీల్" అని నేను అరిస్తే అదేం మాటో తెలియకపోయినా చర్ఖా వదులుగా పట్టుకుంది. పతంగి వేలి గోరంత అయ్యేదాకా ఎగరేశాం. దింపాక "నొహ్ మాల్!" అంది, అంటే మళ్ళీ అని. అలా మూడుసార్లు. వాళ్ళమ్మ డబ్బాలోంచి రెండు ప్లమ్ కేకు ముక్కలు తీసి పెట్టింది. నా చూపుడు వేలి మీద దారం కోసిన గీత బుధవారం దాకా ఉంది, చూసినప్పుడల్లా సంతోషంగా అనిపించేది. పొద్దు గూకగానే గేట్లు మూసేస్తారు, ఆ టైము చూసుకో.

ఆదివారం అదే రైల్లో బెర్నావర్ ష్ట్రాసె దాకా. ఊరు రెండుగా ఉన్నప్పుడు ఆ స్టేషన్లో రైలు ఆగేది కాదు, పశ్చిమం వాళ్ళ రైళ్ళు తూర్పు నేల కింద చీకటి ప్లాట్‌ఫారాల పక్కగా ఆగకుండా పోయేవి. ఇప్పుడు పైకి వస్తే బెర్లిన్ గోడ స్మారకం ఉంది, టికెట్ లేదు. అక్కడి నుంచి మావర్‌పార్క్‌కి నడిచిపోవచ్చు. 1961 నుంచి 1989 దాకా గోడ నిలిచిన నేల మీద ఇప్పుడు ఆదివారం సంత. పాత రికార్డులు, ఎనామెల్ గిన్నెలు, సైనికుల కోట్లు, అన్నీ కుప్పలే. ఎనిమిది యూరోలన్న ఇనప పెనం బేరమాడి ఆరుకి తెచ్చుకున్నాను. ముందు బరువు చూశాను, తర్వాత అడుగు సమంగా ఉందో లేదో నేల మీద పెట్టి చూశాను. ఇప్పుడు దోసె అంచు కరకరలాడుతోంది.

మధ్యాహ్నం అక్కడి రాతి మెట్ల మీద కరోకే. 2009లో ఒక ఐరిష్ ఆయన సైకిల్ మీద స్పీకర్లు తెచ్చి మొదలుపెట్టాడు. చలి ముదిరితే ఉండదు, కాబట్టి తొందరగా వెళ్ళు. ఎవరైనా పాడొచ్చు. ఒక పెద్దాయన మధ్యలో గొంతు పట్టేసి ఆగిపోతే మెట్ల మీదున్న వందల మంది ఆ పాట అందుకుని పూర్తిచేశారు. పక్కన నాకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు, అయినా చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టాను.

సాయంత్రం ఏడింటికి ఇంటికి ఫోన్. ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరిపే వేసవి టైము నడుస్తున్నంతకాలం అక్కడ పదిన్నర అవుతుంది. ఆ రోజు అమ్మకు చెప్పడానికి బోలెడుంది.

కృష్ణలంక_కుర్రాడు

అక్క చెప్పినవి బాగున్నాయి. నేను శనివారాలు గోడౌన్‌లో పనిచేస్తాను, ఆదివారం ఒక్కటే మిగులుతుంది. ఎస్7 లోకల్ రైలెక్కి పక్క ఊరు పోట్స్‌డామ్ వెళ్తాను. సాన్‌సూసీ కోట లోపలికి టికెట్ ఉంది కానీ తోటలో తిరగడానికి అక్కర్లేదు. కోట పక్కనే అప్పటి ప్రష్యా రాజు ఫ్రెడరిక్ సమాధి. దాని మీద జనం పువ్వులతో పాటు ఆలుగడ్డలు పెడతారు, ఆలుగడ్డ సాగు చేయమని రైతులను ప్రోత్సహించిన రాజు కదా. మాది వ్యవసాయ కుటుంబం, రాజు సమాధి మీద పంట పెట్టడం చూసి నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. నేనూ ఒకటి పెట్టి వచ్చాను.

ఇంకో మాట. ఆదివారం గదిలో డ్రిల్లింగ్, పెద్ద సౌండ్ పెట్టకు, గాజు సీసాలు కంటైనర్లో వేయకు. పక్కింటివాళ్ళు నిజంగా బాధపడతారు.

దిల్‌సుఖ్‌నగర్_టు_నోయ్‌కోల్న్

డిసెంబర్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, దానికిప్పుడే సిద్ధంగా ఉండు. జర్మనీ పార్లమెంటు భవనం రైష్‌టాగ్ పైన గాజు గుమ్మటానికి ఆన్‌లైన్లో ముందుగా పేరు నమోదు చేసుకో, ఉచితం. పాస్‌పోర్ట్ మర్చిపోకు. రాత్రి పూట వెళ్తే కింద పార్లమెంటు హాలు, పైన ఊరి దీపాలు. దిగులు మరీ ఎక్కువైతే యూనివర్సిటీలో విద్యార్థుల కౌన్సెలింగ్ ఉంటుంది, మొహమాటపడకుండా అపాయింట్‌మెంట్ తీసుకో. నేను రెండుసార్లు వెళ్ళాను, మేలు జరిగింది.

కొత్తగా_వచ్చినవాడు

అందరికీ చాలా థ్యాంక్స్. ఇందాకే అమ్మకు ఫోన్ చేసి ఆ రోజు బిర్యానీ తినలేదని చెప్పేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత కుక్కర్లో టమాట రైస్ ఎలా చేయాలో ఫోన్లోనే చెప్పింది. అక్కా, ఈ శనివారం టెంపెల్‌హోఫ్ వస్తున్నారా? చిన్నప్పుడు మా డాబా మీద చర్ఖా ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది.

హనుమకొండ_అక్క

వస్తున్నా. రెండింటికి లైనెష్ట్రాసె స్టేషన్ బయట నిలబడతాను. పతంగులు ఇంకా రెండున్నాయి. టమాట రైస్ డబ్బాలో తీసుకురా, జాకెట్ మర్చిపోకు, అక్కడ గాలి చెవుల్లోకి కొడుతుంది.