బాపుకు పెద్దపేగు క్యాన్సర్ ఉండె, నేను ఇంట్లనే టెస్ట్ చేస్కోవచ్చా?

హన్మకొండ నుంచి అడుగుతున్న. బాపుకు 52 ఏండ్లప్పుడు బయటపడ్డది, రక్తం పడ్తుంటే ఏడాదిదాకా మొలలే అనుకున్నం, ఆ బాధ ఇంక పోలే. నాకిప్పుడు 41. ఇంగ్లండ్‌ల ఉండే మా అక్కకు 50 నిండినంక కిట్ పోస్టుల ఇంటికే వచ్చింది, మనకట్ల ఉంటదా? డాక్టర్ ఫ్యామిలీ హిస్టరీ రాస్కరమ్మన్నరు, ఏం రాయాలె?

జవాబు: ఇక్కడ సర్కారు స్క్రీనింగ్ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లకే అన్నా. ఫిట్ టెస్ట్, అంటే మలంల రక్తం ఉందా అని చూసేది, ల్యాబ్‌లల్ల ఉంటది, సీసా మూతకే పుల్ల ఉంటది, దాన్ని మలంల రెండుమూడు చోట్ల గుచ్చి మళ్ల సీసాల పెట్టి బిగించుడే, కంటికి కనపడని రక్తాన్ని గూడ పట్టుకుంటది. టెస్టుకు ముందు మటన్ మానే పనిలేదు.

జవాబు: తమ్మీ, కన్నతండ్రికే వచ్చిందంటే కిట్ మీద ఉండకు. 40 ఏండ్లకు, లేకుంటే వాళ్లకు వచ్చిన వయసుకు 10 ఏండ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతోని పెద్దపేగు లోపల చూసుడు) చేయించుకోమంటరు, నీకు ఆ టైం దాటింది. కాయితం మీద ఎవరికి, ఏ క్యాన్సర్, ఏ వయసుల అని రాయి, మేనత్తలు మేనమామలు గూడ. గర్భసంచి క్యాన్సర్ ఇడ్సిపెట్టకు, కొన్ని కుటుంబాల్ల రెండూ కలిసొస్తయ్. మా నాయనమ్మ కడుపుల గడ్డతోని పోయిందనే అనుకున్నం, ట్రంకుపెట్టెల బయాప్సీ చీటీ దొరికినంక గర్భసంచిదని తెల్సింది.

అడిగినాయన: మా మేనత్తకు గూడ గర్భసంచి ఆపరేషన్ అయింది అక్కా, ఎందుకో ఎవ్వరం అడగలే. పొద్దుగాల్నే ఫోన్ చేస్త.