పండక్కి ఊరెళ్లి అక్కడి నుంచే పని చేయాలి, నెట్ నిలవడం లేదు. ఏం చేయాలి?

ప్రశ్న: సంక్రాంతికి దుగ్గిరాల దగ్గర మా అమ్మావాళ్ల ఊరెళ్తున్నాను. సెలవులయ్యాక ఇంకో వారం పిల్లల్ని అమ్మమ్మ దగ్గర ఉంచి, నేనూ అక్కడి నుంచే పని చేద్దామని. రోజూ పొద్దున్నే వీడియో మీటింగ్ ఉంటుంది. ఇంట్లో కేబుల్ ఆయన ఇచ్చిన ఫైబర్ నెట్ పోయిందంటే సాయంత్రం దాకా రాదు. లోపలి గదుల్లో ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉందండి.

జవాబు: తప్పకుండా ఉండండమ్మా, పిల్లలకు ఆ వారం మళ్లీ దొరకదు. ముందు నెట్ ఎందుకు పోతోందో తెలియాలి. ఈసారి పోయినప్పుడు నాన్నగారిని ఇంట్లో ఉన్న నెట్ బాక్స్ చూడమనండి. ‘ఎల్‌ఓఎస్’ (LOS, అంటే సిగ్నల్ అందడం లేదని) అన్నచోట లైటు ఎర్రగా వెలుగుతుంటే చాలాసార్లు బయట తీగ తెగినట్టో, బాగా వంగినట్టో. స్విచ్ ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు. ఆపరేటర్‌కి ఫోన్ చేసి ‘నెట్ రావట్లేదు’ అనకుండా ‘ఎర్రలైటు వస్తోంది’ అని చెప్పించండి, నేరుగా తీగ చూసుకుంటాడు. మన పల్లెల్లో ఫైబర్ చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. కోతలయ్యాక ఎత్తుగా గడ్డేసుకుని వెళ్లే ట్రాక్టర్ తగిలినా తెగిపోతుంది.

కరెంటుతో పాటే పోతుంటే రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ కొనండి. అడాప్టర్ మీద ఎన్ని వోల్టులని ఉందో చూసి (ఎక్కువగా 12 ఉంటుంది) దానికి సరిపోయేదే తీసుకోండి. వీధిలో ఆపరేటర్ పెట్టిన పెట్టెకీ కరెంటు పోతే మాత్రం ఇది పనిచేయదు.

అందుకే ఫోన్ మీద రెండో దారి ఉండాలి. పక్కింటివాళ్లకు ఏ కంపెనీ బాగా అందుతోందో అడిగి, అది మీ దగ్గర లేకపోతే ఆ సిమ్ తీసుకోండి. ఫోన్‌ని మేడమీద కిటికీలో, ఎండ తగలనిచోట పెట్టి హాట్‌స్పాట్ ఇవ్వండి. వేడెక్కితే అదే ఆగిపోతుంది. హాట్‌స్పాట్‌లో 2.4 గిగాహెర్ట్జ్ ఎంచుకుంటే కింది గది దాకా అందే అవకాశం ఎక్కువ. 5జీ వస్తూ పోతూ ఉంటే సెట్టింగుల్లో 4జీకి మార్చేయండి. 5జీ ఎక్కువగా నడిచే 3500 మెగాహెర్ట్జ్ తరంగాలు మందపాటి గోడలు దాటి లోపలికి సరిగా రాలేవు.

ప్రశ్న: పండగప్పుడు సాయంత్రాలు ఫోన్ నెట్ కూడా కదలదండీ.

జవాబు: ఊరంతా వచ్చేస్తుంది కదా, ఉన్న ఒక్క టవర్‌నీ అందరూ పంచుకోవాలి. పెద్ద ఫైళ్లు తెల్లవారుజామునే దించుకోండి. మీటింగ్‌లో మీ కెమెరాతో పాటు అవతలివాళ్ల వీడియో రాకుండా కూడా ఆపండి, మాట నిలబడుతుంది. మీటింగ్ ఆహ్వానంలో ఫోన్ నంబరు ఇచ్చి ఉంటే మామూలు కాల్‌తోనే చేరొచ్చు. విజయవాడ రైల్వే స్టేషన్‌లో ప్రయాణికులకిచ్చే ‘రైల్‌వైర్’ వైఫై రోజుకు మొదటి అరగంట ఉచితం. మెయిల్ పంపడానికి చాలు, మీటింగ్‌కి నమ్ముకోవద్దు. తప్పనిసరి మీటింగ్ ఉంటే ముందురోజు రాత్రికే విజయవాడలోనో గుంటూరులోనో చుట్టాలింటికి చేరండి. మీ మేనేజర్‌కి మాత్రం బయల్దేరకముందే విషయం చెప్పి, నెట్ పోతే మీకు ఏ నంబరుకు చేయాలో ఇచ్చి వెళ్లండి.