‘గెట్’ అనే ఇంగ్లీషు క్రియను ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న:
నిఘంటువు చూసి ‘గెట్’ అంటే ‘పొందు’ అని నేర్చుకున్నాను. అయితే ‘ఐ గాట్ యాంగ్రీ’, ‘ఐ గాట్ మై వాచ్ రిపేర్డ్’ వంటి వాక్యాలలో ఆ అర్థం ఎంత ప్రయత్నించినా ఇమడడం లేదు. ప్రతి ప్రయోగాన్నీ విడిగా కంఠస్థం చేయవలసిందేనా? దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
‘పొందు’ను కాసేపు పక్కన పెట్టి, మన ‘వచ్చు’ క్రియను గుర్తు తెచ్చుకోండి. ‘నాకు ఉత్తరం వచ్చింది’, ‘నాకు కోపం వచ్చింది’ అన్నప్పుడు మనం వచ్చినదానినే కర్తగా నిలిపి, మనిషికి ‘కు’ విభక్తిని చేరుస్తాము. ఇంగ్లీషులో మనిషే కర్త అవుతాడు కాబట్టి అవే భావాలు ‘ఐ గాట్ ఎ లెటర్’, ‘ఐ గాట్ యాంగ్రీ’ అవుతాయి. ఈ తలకిందుల అమరిక పట్టుబడితే సగం చిక్కు విడిపోతుందని నా నమ్మకం. ‘గెట్’ తరువాత విశేషణం వస్తే అది స్థితి మారడాన్ని తెలుపుతుంది: ‘ఐ యామ్ టైర్డ్’ అంటే అలసి ఉన్నాను, ‘ఐ గాట్ టైర్డ్’ అంటే అలసిపోయాను.

రెండవ సమాధానం:
వాచీ వాక్యానికి మన ప్రేరణార్థక క్రియ చక్కగా సరిపోతుంది: ‘వాచీని బాగుచేయించాను’. పని చేసినది వేరొకరు, చేయించినది నేను. వస్తువు పేరు ముందు, ‘రిపేర్డ్’ తరువాత రావాలి. ‘ఐ గాట్ రిపేర్డ్ మై వాచ్’ అని రాయడం తప్పు, మనవారిలో చాలామంది ఇక్కడే పొరబడతారు.

మూడవ సమాధానం:
ఒక చిన్న చేర్పు. ‘ఐ హావ్ గాట్ ఎ పెన్’ అంటే కలం పొందాను అని కాదు, నా దగ్గర కలం ఉంది అని. అమెరికన్ ఇంగ్లీషులో ‘పొందాను’ అనే భావానికి ‘ఐ హావ్ గాటెన్’ అంటారు.