అటెన్‌బరో ఇంటిపేరు: ఒక్క ఊరి నుంచి వచ్చిందా, ఊరూరా పుట్టిందా?

తెనాలి_టు_లెస్టర్

మా రూమ్‌లో మొదలైన గొడవ ఇది, వారమైనా తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. టీవీలో డేవిడ్ అటెన్‌బరో ప్రోగ్రామ్ వస్తుంటే మా రూమ్మేట్ "ఈయనా, 1982లో గాంధీ సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరో సొంత అన్నదమ్ములు, తెలుసా" అన్నాడు. తెలుసు. అక్కడితో ఆగితే బాగుండేది. "అసలు అటెన్‌బరోలంతా ఒక్క మనిషి సంతానమేరా, డీఎన్ఏలో తేల్చారు" అన్నాడు.

నాకు ఎక్కలేదు. పాత ఇంగ్లీషులో ఊళ్లో ఫలానా చోట ఉండేవాడు అని చెప్పడానికి 'అట్టె', 'అటెన్' అని ముందు పెట్టేవాళ్లు, అంటే 'దగ్గర' అని. మన దగ్గర చెరువుగట్టు సుబ్బయ్య, రావిచెట్టు దగ్గర సుబ్బయ్య అని ఇద్దరు సుబ్బయ్యల్ని విడదీసి చెప్పుకున్నట్టే. నాష్ అనే ఇంటిపేరు అలా వచ్చిందే: 'అటెన్ ఆష్', ఆష్ చెట్టు దగ్గరివాడు, ఆ 'అటెన్' చివర ఉన్న 'న్' జారి చెట్టుకి అతుక్కుంది. నాష్‌లంతా చుట్టాలని ఎవరూ అనరు, ఎందుకంటే ఆష్ చెట్టు ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. మరి 'బరో' అంటే కోటో గుట్టో అనుకుంటే, ఇంగ్లండులో గుట్ట లేని జిల్లా ఏది? ఈ పేరు నలభై చోట్ల పుట్టి ఉండాలి కదా. ఎవరైనా తీర్పు చెప్పండి, వాడితో పడలేకపోతున్నా.

నాటింగమ్‌లో_నేను

బాస్, అటెన్‌బరో అని ఒక ఊరే ఉంది, అది మర్చిపోయారు. నేనుండేది బీస్టన్‌లో, డెర్బీ వైపు వెళ్లే రైలెక్కితే తర్వాతి స్టేషనే అది. దిగి కాస్త నడిస్తే సెయింట్ మేరీస్ చర్చి, దాన్ని ఆనుకునే చెరువులు. చెరువులంటే దేవుడిచ్చినవి కాదు, ట్రెంట్ నది పక్కన గులకరాళ్ల కోసం ఏళ్ల తరబడి తవ్విన గోతుల్లో నీళ్లు నిండి తయారైనవి. 1966లో దాన్ని పక్షుల కోసం రిజర్వ్ చేశారు, రిబ్బన్ కట్ చేసింది ఎవరో చెప్పక్కర్లేదనుకుంటా, డేవిడ్ అటెన్‌బరోనే. బాతులకి గింజలు వేస్తూ తలెత్తితే దూరంగా రాట్‌క్లిఫ్ పవర్ స్టేషన్ కూలింగ్ టవర్లు ఎనిమిదీ కనిపిస్తాయి. 2024లో ఆ స్టేషన్ మూసేశారు కాబట్టి ఇప్పుడు ఆవిరి రాదు.

ఇక ఊరి పేరు. 12వ శతాబ్దపు రాతల్లో అది 'అడిన్‌బుర్కా' అని ఉంది. 'అడ్డా' అనో 'ఎడ్డి' అనో పేరున్న మనిషి కట్టుకున్న కోట అని అర్థం చెబుతారు (మనం టీ తాగే అడ్డా కాదు). అంటే ఊరి పేరులో మీ 'అటెన్' లేనే లేదు, అక్కడున్నది ఒక మనిషి పేరు. ఇంటిపేరు ఆ ఊరి నుంచి వచ్చిందే అయితే మీ చెరువుగట్టు లెక్క మొత్తం గల్లంతు.

తెనాలి_టు_లెస్టర్

ఊరుందని తెలుసండీ, గూగుల్ మ్యాప్ నాకూ ఉంది. ఊరు ఉన్నంత మాత్రాన పేరు దాని నుంచే రావాలని ఏముంది? ఇంగ్లీషు ఇంటిపేర్ల నిఘంటువుల్లో రెండు మూలాలూ పక్కపక్కనే ఇస్తారు. పైగా అటెన్‌బారో, అటెన్‌బరా అని వేరే స్పెల్లింగులతో కూడా కుటుంబాలున్నాయి, 'బారో' అంటే అచ్చంగా గుట్ట.

వ్యాకరణం_పిచ్చి

ఇక్కడ నాకు కాస్త ఓపిక ఇవ్వండి, ఈ ముక్క చెప్పకపోతే నిద్ర పట్టదు.

పాత ఇంగ్లీషులో నామవాచకాలకి లింగం ఉండేది. 'దగ్గర' అనే మాట తర్వాత వచ్చే పదం పుంలింగమో నపుంసకమో అయితే 'అటెన్', స్త్రీలింగమైతే 'అట్టెర్'. కోటకి వాళ్ల మాట 'బుర్హ్', అది స్త్రీలింగం. కాబట్టి 'కోట దగ్గరివాడు' అంటే అటెన్‌బరో కాకూడదు, అట్టెర్‌బరీ కావాలి. అట్టెర్‌బరీ అనే ఇంటిపేరు నిజంగానే ఉంది! అర్థం కూడా సరిగ్గా అదే. కాబట్టి తెనాలి గారి కోట సిద్ధాంతం అక్కడికక్కడే కూలింది.

గుట్ట సిద్ధాంతం మాత్రం కూలదు. గుట్టకి మాట 'బెయోర్గ్', తోపుకి మాట 'బెయారు', రెండూ పుంలింగాలే, రెండిటికీ 'అటెన్' చక్కగా నప్పుతుంది. నిఘంటువులవాళ్లు ఆ దారి మూసెయ్యకపోవడానికి కారణం అదే.

పాత_కాగితాలు

వ్యాకరణం గారూ, అంత గట్టిగా చెప్పకండి. ఓక్ చెట్టు కూడా పాత ఇంగ్లీషులో స్త్రీలింగమే. లెక్క ప్రకారం 'అట్టెర్ ఓక్' అయి, 'ర్' జారి 'రోక్', 'రాక్' అనే ఇంటిపేర్లు వచ్చాయి, అది ఒప్పు. కానీ నోక్స్ అనే ఇంటిపేరు కూడా ఉంది, అది 'అటెన్ ఓక్స్' నుంచి వచ్చింది. ఇంటిపేర్లు స్థిరపడే నాటికి జనం లింగాలు మర్చిపోయారు. రాసేవాడికి చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. అటెన్‌బారో, అటెన్‌బరా, అటెన్‌బరో తేడాలు కూడా ఆ గుమాస్తాల చలవే, వాటిని బట్టి ఏదీ తేలదు.

వ్యాకరణం_పిచ్చి

నోక్స్ సంగతి ఒప్పుకుంటున్నా. దాన్ని మర్చిపోయాను.

పాత_కాగితాలు

నా దృష్టిలో ఇది వ్యాకరణంతో తెగేది కాదు, మ్యాప్‌తో తెగుతుంది. ఇంగ్లండులో ఇంటిపేర్లు తండ్రి నుంచి కొడుక్కి రావడం స్థిరపడింది దాదాపు 1250కీ 1400కీ మధ్య. 1881 జనాభా లెక్కల్ని పేరు పేరునా ఎక్కించి ఉంచారు కాబట్టి ఏ ఇంటిపేరు ఎక్కడ గుంపుగా ఉందో ఇప్పుడు మ్యాప్ వేసుకుని చూడొచ్చు. అప్పటికే రైళ్లొచ్చాయి, మిల్లులొచ్చాయి, జనం లక్షల్లో కదిలారు. అయినా అరుదైన ఇంటిపేర్లు పుట్టినచోటి చుట్టుపక్కలే కుప్పగా కనిపిస్తాయి, నాకు ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే.

అటెన్‌బరోలు ఎక్కడున్నారు? నాటింగమ్‌షైర్‌లో, పక్కనున్న డెర్బీషైర్‌లో. గుట్ట దగ్గరివాడు అనే పేరే అయితే దక్షిణాన ససెక్స్, కెంట్, సర్రే నిండా ఉండాలి, ఎందుకంటే 'అట్టె'తో మొదలయ్యే పేర్లు ఎక్కువ పుట్టింది ఆ వైపే. అక్కడ లేకుండా సరిగ్గా అటెన్‌బరో అనే ఊరి చుట్టూనే ఉన్నారంటే ఇంకేం కావాలి? లండన్‌లో కూడా కొందరు తేలతారు. 19వ శతాబ్దపు లండన్‌లో అటెన్‌బరో అంటే తాకట్టు కొట్టుకి మారుపేరులాంటిది. వాళ్లని చూసి ఈ పేరు లండన్‌లోనూ పుట్టిందనుకోకూడదు.

అనకాపల్లి_అమ్మాయి

చిన్న డౌట్. ఊరి పేరే ఇంటిపేరైతే ఆ ఊళ్లో అందరికీ అదే పేరుండాలి కదా? అప్పుడు ఒక్క మనిషి సంతానం అనే మాట ఎలా కుదురుతుంది?

అని టైప్ చేస్తుంటే నాకే జవాబు తట్టింది. కందుకూరులో కాపురం ఉన్నవాళ్లని ఆ ఊళ్లో "కందుకూరి వారు" అని ఎవరూ పిలవరు, అక్కడ అందరిదీ కందుకూరే. ఊరు వదిలి ఇంకో ఊరు వెళ్తేనే అక్కడి జనం "కందుకూరి నుంచి వచ్చినాయన" అంటారు. ఊరి పేరు ఇంటిపేరు కావాలంటే ముందు ఊరు దాటాలి. కాబట్టి మొదటి అటెన్‌బరో ఎవరో, ఆయన అటెన్‌బరోలో ఉండి ఉండడు!

పాత_కాగితాలు

అమ్మాయ్ గారూ, సరిగ్గా పట్టుకున్నారు. అందుకే ఇలాంటి పేర్లు ఊళ్లో కంటే ఐదారు మైళ్ల అవతల, పక్క ఊళ్లల్లో ఎక్కువ దొరుకుతాయి. డేవిడ్, రిచర్డ్‌ల తండ్రి ఫ్రెడరిక్ అటెన్‌బరో వాళ్ల కుటుంబానిది స్టేపుల్‌ఫర్డ్. మ్యాప్‌లో చూడండి, అటెన్‌బరోకి కూతవేటు దూరం. ఏడొందల ఏళ్లలో వాళ్లు వెళ్లింది అంతే.

తెనాలి_టు_లెస్టర్

ఇది మాత్రం బాగుంది. కానీ ఊరు దాటినవాళ్లు ఒక్కరే ఎందుకవుతారు? ఒకడు స్టేపుల్‌ఫర్డ్ వెళ్తాడు, ఇంకొకడు డెర్బీ వెళ్తాడు, వాళ్లిద్దరికీ ఏ చుట్టరికమూ లేకపోవచ్చు, ఇద్దరినీ అక్కడి జనం అదే పేరుతో పిలుస్తారు. మన ఇంటిపేర్లే చూడండి, ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో, పది గోత్రాల్లో ఉంటుంది. మా ఇంటిపేరు వాళ్లు పెళ్లిలో కలిస్తే మొదటి ప్రశ్న "మీ గోత్రం ఏంటండీ" అనే. ఊరు ఒకటే అయినంత మాత్రాన మూలపురుషుడు ఒకడు కాడు.

ల్యాబ్_కోటు

గోత్రం అడగడం అన్నారు చూడండి, డీఎన్ఏ చేసింది అదే పని. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కే వెళ్తుంది, ఇంగ్లండులో ఇంటిపేరూ అంతే. రెండూ ఒకే దారిన నడుస్తాయి కాబట్టి ఒకదానితో ఇంకొకటి సరిచూడొచ్చు.

మీ రూమ్మేట్ విన్నది 2009లో తూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ ప్రచురించిన పరిశోధన గురించే అయ్యుండాలి. 40 బ్రిటిష్ ఇంటిపేర్లు, 1,678 మంది మగవాళ్లు. స్మిత్‌లని చూస్తే, దారిన పోయే పదిమందిని పట్టుకుని పరీక్ష చేసినట్టే ఉంది, ఒకరితో ఒకరికి సంబంధం లేదు. స్మిత్ అంటే కమ్మరి, కమ్మరి ప్రతి ఊళ్లో ఉంటాడు కదా. పేరు అరుదయ్యే కొద్దీ పోలిక పెరిగింది. అటెన్‌బరోల్లో దాదాపు 87 శాతం మందిది ఒకటే రకం వై క్రోమోజోమ్.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఆ రకం బ్రిటన్‌లో సర్వసాధారణమైన ఆర్1బి అయ్యుంటే, సంబంధం లేని ఇద్దరు మూలపురుషులకి కాకతాళీయంగా ఒకటే ఉందిలే అని కొట్టిపారేయొచ్చు. కానీ అది ఇ1బి1బి, అక్కడ బాగా తక్కువమందికి ఉండే వంశం. స్టేపుల్‌ఫర్డ్ వెళ్లినవాడికీ, డెర్బీ వెళ్లినవాడికీ విడివిడిగా ఆ అరుదైన రకమే ఉండటం అంటే చాలా కష్టం.

రూమ్మేట్_నేనే

ఆ ఫ్రెండ్‌ని నేనే. తీర్పు వచ్చేసినట్టుంది కదా. గిన్నెలు ఈ వారం నువ్వే తోమాలి.

తెనాలి_టు_లెస్టర్

ఆగరా. ల్యాబ్ గారు ఇంకా పూర్తి చేయలేదు.

ల్యాబ్_కోటు

గిన్నెల విషయం తొందరపడకండి. 87 శాతం ఒకే మనిషి నుంచి వచ్చారు అనేది ఒక మాట. ఆ పేరు మొదట ఒక్క మనిషికే ఉండేది అనేది ఇంకో మాట. రెండోది డీఎన్ఏ చెప్పదు.

పదిమంది సంబంధం లేని మనుషులు ఒకే పేరుతో మొదలయ్యారనుకోండి. ఒకడికి కూతుళ్లే, ఒకడి కొడుకులు పెళ్లి కాకుండా పోయారు, ఒకడి ఇంట్లో అందరినీ 1348, 49లో వచ్చిన ప్లేగు తీసుకుపోయింది. కొన్ని తరాలకి ఇద్దరో ముగ్గురో మిగులుతారు, ఇంకొన్ని తరాలకి ఒక్కడి సంతానమే ఊరంతా కనిపిస్తుంది. 1874లోనే గాల్టన్, వాట్సన్ అనే ఇద్దరు ఇంటిపేర్లు ఎలా అంతరిస్తాయో లెక్క కట్టారు. పేరు అరుదైతే ఈ వడపోత ఇంకా తొందరగా జరుగుతుంది. ఈ రోజు మనం పరీక్ష చేస్తున్నది మొదలైనవాళ్లని కాదు, మిగిలినవాళ్లని.

ఇంకో లెక్క చూడండి. ఏడొందల ఏళ్లంటే సుమారు 23 తరాలు. ఇంటిపేరు ఉండి వై క్రోమోజోమ్ వేరైన సందర్భాలు, అంటే దత్తతలు, తల్లి పేరు పెట్టుకున్నవాళ్లు, ఇంకా చెప్పనక్కర్లేనివి, తరానికి 1 నుంచి 4.5 శాతం మధ్య ఉంటాయని ఆ పరిశోధనలోనే అంచనా వేశారు. తరానికి ఒక్క శాతమే వేసుకున్నా 23 తరాలకి అసలు వంశం వాళ్లు 79 శాతమే మిగలాలి. అటెన్‌బరోలు 87 దగ్గరున్నారు. అంటే తరానికి 0.6 శాతం. వాళ్లు మరీ బుద్ధిమంతులై ఉండాలి, లేదా పక్కదారి పట్టిన శాఖలు కూడా ఎప్పుడో అంతరించి ఉండాలి. రెండోదే నాకు నమ్మకంగా ఉంది.

రాజవంశాల్లోనే ఇది తప్పలేదు. 2012లో లెస్టర్ కార్ పార్కింగ్ కింద ఇంగ్లండు రాజు రిచర్డ్ 3 ఎముకలు దొరికినప్పుడు పరీక్ష చేసిన బృందంలో ఈ తూరీ కింగ్ కూడా ఉన్నారు. మగ వరసలో బంధువులని కాగితాల్లో ఉన్న ఐదుగురి వై క్రోమోజోమ్‌లు చూస్తే ఒక్కటీ రాజుతో కలవలేదు.

తెనాలి_టు_లెస్టర్

ఆ కార్ పార్కింగ్ పక్కనుంచే రోజూ బస్సులో వెళ్తాను. నేను చదివిన లెస్టర్ యూనివర్సిటీలో 18 అంతస్తుల అటెన్‌బరో టవర్ ఉంది, ఫ్రెడరిక్ గారి పేరు మీదే. ఆయన 1932 నుంచి 1951 దాకా అక్కడ ప్రిన్సిపాల్, 1922లో తొలినాటి ఇంగ్లీషు రాజుల చట్టాలని పాత ఇంగ్లీషు నుంచి అనువదించి అచ్చువేసిన పండితుడు. ఆయన ఇంటిపేరు వంశం సంగతి తేల్చిన ల్యాబ్ కూడా ఆ యూనివర్సిటీదే. మన వ్యాకరణం గారి ప్రశ్న ఆయన్నే అడిగి ఉంటే ఒక్క నిమిషంలో తేల్చేవారు.

సరే, నా లెక్క మార్చుకుంటున్నా. గుట్ట సిద్ధాంతం వదిలేశా, ఊరి నుంచే వచ్చింది. కానీ "ఒక్క మనిషే మొదలు" అని మాత్రం ఒప్పుకోను. ఇద్దరు ముగ్గురు మొదలెట్టి ఒక్కడే నిలిచాడు అంటాను.

రూమ్మేట్_నేనే

అదేదో నేను చెప్పిందే కదరా, ఇప్పుడున్న అటెన్‌బరోలు ఒక్కడి సంతానమే అన్నా.

తెనాలి_టు_లెస్టర్

"అంతా" అన్నావ్. 13 శాతం ఏమైంది?

ల్యాబ్_కోటు

ఆ 13 శాతమే చూడాల్సింది. వాళ్లందరూ తలో రకంగా, ఒకరితో ఒకరు కలవకుండా ఉంటే అవి మధ్యలో ఎప్పుడో జరిగిన దత్తతలూ గట్రా అనుకోవచ్చు. అలా కాకుండా వాళ్లల్లో వాళ్లు ఒక గుంపుగా కలిసి, ఆ గుంపు తాతల ఊళ్లు కూడా నాటింగమ్‌కి దూరంగా ఒకేచోట తేలితే, రెండో మూలపురుషుడు దొరికినట్టే, మీ గుట్టకి కూడా మళ్లీ ప్రాణం వస్తుంది. పరీక్ష చేయించుకున్నవాళ్లు తాత పుట్టిన ఊరు కూడా రాస్తే ఇది తేలడం పెద్ద కష్టం కాదు.

నాటింగమ్‌లో_నేను

ఈలోగా గిన్నెలు సగం సగం తోముకోండి. ఆదివారం ఎండ కాస్తే ఇటు రండి, స్టేషన్‌లో నేనుంటా, బాతుల గింజలు చెరువు దగ్గరే అమ్ముతారు.