అప్‌డేట్: బ్లాక్ హోల్ చుట్టూ అంత వెలుగు ఎక్కడిది?

పోయినవారం అడిగింది నేనే: కాంతిని కూడా వదలని బ్లాక్ హోల్, తానున్న గెలాక్సీని మించి ఎలా వెలుగుతుందని. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్, చాలావరకు తేలిపోయింది.

నేను పొరబడిన చోటు ఒక్కటే. ఆ వెలుగు బ్లాక్ హోల్‌ది కాదు, అందులో పడబోయే వాయువుది. కోణీయ ద్రవ్యవేగం (గుండ్రంగా తిరిగే ఊపు) వల్ల అది నేరుగా పడలేక పళ్లెంలా చుట్టూ తిరుగుతుంది. అదే అక్రీషన్ డిస్క్. లోపలికి జారేకొద్దీ గురుత్వశక్తి వేడిగా మారుతుంది. నక్షత్రాలను వెలిగించే హైడ్రోజన్ సంలీనంలో (కేంద్రకాలు కలిసిపోవడంలో) ద్రవ్యరాశిలో 0.7 శాతమే శక్తిగా మారుతుంది. ఇక్కడ తిరగని బ్లాక్ హోల్ దగ్గరే సుమారు 6 శాతం, గరిష్ఠంగా తిరిగేదైతే సిద్ధాంతం ప్రకారం 42 దాకా! నక్షత్రాల మీద జాలేసింది.

వాయువు అలా లోపలికి జారేది "రాపిడి వల్లే" అని ఒకరన్నారు కానీ, మామూలు వాయువు జిగట దీనికి ఏ మూలకూ చాలదు. 1973లో షకురా, సున్యాయెవ్ అనే శాస్త్రవేత్తలు ఆ లోటును ఆల్ఫా అనే ఒక్క అంకెలో దాచి లెక్క నడిపించేశారు. (గడుసు పనే.) 1991లో బాల్బస్, హాలీ అనే మరో ఇద్దరు అసలు కిటుకు చూపారు: బలహీనమైన అయస్కాంత క్షేత్రమైనా సరే, వేర్వేరు వేగాల పొరలను రబ్బరు తాడులా పట్టి లాగి అల్లకల్లోలం రేపుతుంది. లోపలి వాయువు కోణీయ ద్రవ్యవేగం పోగొట్టుకుని ఇంకా లోపలికి జారుతుంది.

మన పాలపుంత మధ్యలోది, 40 లక్షల సూర్యులంత బరువున్నా, మేత దొరక్క మసగ్గా ఉంది.

ఇప్పుడు జేమ్స్ వెబ్ టెలిస్కోప్ తొలినాటి విశ్వంలో చూపిన "చిన్న ఎర్ర చుక్కలు" (చిన్నగా, ఎర్రగా కనబడే వస్తువులు) బుర్ర తొలుస్తున్నాయి. అవి బ్లాక్ హోల్సే అయితే చాలావాటిలో ఎక్స్‌రేలు ఎందుకు కనబడవు? అది వేరే ప్రశ్నగా వేస్తాను.