జీడి కటింగ్ లైన్‌లో ప్రొడక్షన్ ఎలా లెక్కిస్తున్నారు?

కాశీబుగ్గ_సూపర్‌వైజర్: ఆటోమేటిక్ కటింగ్ మిషన్లు వేశాక మా యూనిట్లో రోజుకి ఎన్ని బస్తాల పిక్క (పెంకుతో ఉన్న జీడిగింజ) కోశామన్నదే లెక్క. బస్తాలు పెరిగాయి, గుండు పప్పు (విరగని పప్పు) తగ్గింది. బోర్మా (పప్పు ఎండబెట్టే పొయ్యి గది), పీలింగ్ (పొర తీయడం), గ్రేడింగ్ అన్నీ కలిపి చూసే కొలత ఎవరైనా పెట్టారా? షిఫ్టు మారేటప్పుడు పోయే టైము ఎక్కడ రాస్తున్నారు?

పైడిభీమవరం_షిఫ్ట్‌బి: ఓఈఈ (మిషన్ మొత్తం సామర్థ్యం కొలిచే లెక్క) పెట్టండి. మిషన్ నడిచిన టైము, నడిచిన వేగం, మంచి సరుకు, ఈ మూడింటి శాతాలూ గుణించాలి. 480 నిమిషాల షిఫ్టులో భోజనం, టీ పోగా 420 అనుకోండి. 63 నిమిషాలు ఆగితే 85 శాతం. వేగం 90, మంచి సరుకు 80 అయితే మొత్తం 61. మా మందుల ఫ్యాక్టరీ లైన్లో ప్రతి ఆగుడికీ కారణం రాయించాం, సగం గొడవలు అక్కడే తీరాయి.

పాత_బోర్మా: బాబూ, మందుల ఫ్యాక్టరీ లెక్క జీడికి అతకదు. రెండుగా విడిపోయిన బద్దని పారేస్తామా? తక్కువ ధరకైనా అమ్ముతాం. 80 కిలోల బస్తాకి ఎన్ని పౌన్ల పప్పు దిగింది, అందులో గుండు ఎంత, ఇదే అసలు లెక్క. 48 పౌన్లు దిగే పిక్క, 44 దిగే పిక్క అదే మిషన్లో వేసి చూడు. పిక్క తేడాని మనుషుల మీద రుద్దితే ఊరుకోం.

పైడిభీమవరం_షిఫ్ట్‌బి: రుద్దమని నేనెక్కడన్నానండీ? పిక్క లాటు వారీగా విడిగా రాయమంటున్నాను. గుండుకీ బద్దకీ ధర కట్టి కలపండి.

బ్లేడు_మెకానిక్: ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. జీడి మిషన్లు విప్పి బిగించడమే నా పని, రాసుకోండి. కోతకి ముందు పిక్కని సైజు వారీగా జల్లెడ పట్టకపోతే ఏ లెక్కా పనికిరాదు. పెద్ద పిక్కకి పెట్టిన బ్లేడు సందులో చిన్నది పడితే సరిగా తెగదు, చిన్నదాని సందులో పెద్దది పడితే పప్పు చితుకుతుంది. ఆవిరి పట్టాక పూర్తిగా చల్లారకుండా కోసినా అంతే.

పాత_బోర్మా: చల్లార్చడం నువ్వు మాకు నేర్పుతావా? నువ్వు పుట్టకముందే ఇక్కడ ఉడకబెట్టి కోశారు!

జూట్_స్పిన్నర్: మాది విజయనగరం వైపు గోగునార పని. వేసవిలో గాలిలో తేమ తగ్గితే పోగులు తెగి ఫ్రేములు ఆగుతాయి. తెగిన పోగు అతికే టైముని మా మిల్లులో ‘వర్కర్ లేటు’ అని రాసేవారు. యూనియన్ వాళ్లు పట్టుబట్టి ఆ గడి మార్పించారు. ఏ ఆగుడు ఎవరి ఖాతాలో పడుతుందో ముందు తేల్చుకోండి.

పీలింగ్_టేబుల్: అన్నలూ, మిషన్ల గురించే మాట్లాడుతున్నారు. మాకు కూలి కిలో లెక్కన. బోర్మాలో ఎక్కువ ఎండితే పప్పు పెళుసెక్కి చేతిలోనే విరుగుతుంది, తక్కువ ఎండితే పొర వదలదు, గోళ్లు అరుగుతాయి. రెండిటికీ కోత మా కూలిలోనే. మీ లెక్కల బోర్డు మీద బోర్మా తేడాకి గడి ఉందా?

బ్లేడు_మెకానిక్: అది నిజమే అమ్మా. బోర్మా ట్రేలు మధ్యలో తిప్పిస్తే పైవీ కిందవీ ఒకేలా ఎండుతాయి.

ఉద్దానం_రైతు: శాతాలు సరే, మా పిక్కకి ధరేదీ? తిత్లీ తుఫాను 2018లో తోటలు పడగొట్టింది, మళ్లీ నాటిన మొక్కలు కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. ఆఫ్రికా పిక్క దింపి మా సరుకుని బేరమాడుతున్నారు.

పాత_బోర్మా: రైతు బాబూ, ఉన్న పంటతో ఇక్కడి యూనిట్లు ఏడాదంతా నడవవు. పిక్క తేకపోతే పీలింగ్ ఆడవాళ్లకి పనేది?

ఉద్దానం_రైతు: తెచ్చుకోండి, మా కోతల టైములో దింపొద్దు.

కాశీబుగ్గ_సూపర్‌వైజర్: పీలింగ్ చెల్లెమ్మా, బోర్మాకి గడి లేదు, పెట్టిస్తాను. ట్రే దించగానే ముందు మీ టేబుల్‌కి ఒక పిడికెడు పంపిస్తాం. పొర వదులుతోందని మీరు చెప్పాకే మిగతా లాటు దించుతాం. ఆ పిడికెడు కూడా మీ తూకంలో కలుపుతాం.

పీలింగ్_టేబుల్: తూకంలో కలిపేటట్టయితే రేపటి నుంచే పంపండన్నా.