అప్‌డేట్: చాక్లెట్ సిస్ట్‌కి ఆపరేషనా, మాత్రలా అని అడిగాను కదా

పోయిన నెల నేను అడిగింది ఇదీ: ఎడమ అండాశయంలో 4 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్ (ఎండోమెట్రియోసిస్ వల్ల వచ్చే, పాత రక్తం నిండిన తిత్తి) ఉంది, రెండేళ్లుగా గర్భం రావడం లేదు, ఏం చేయాలి? జవాబిచ్చిన అక్కలందరికీ థాంక్స్.

మీరు చెప్పినట్టే బెంగళూరులోనే, మారతహళ్లి దగ్గర ఇంకో డాక్టరమ్మను కలిశాం. తెలుగావిడే. ఓపిగ్గా చెప్పారు. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట పెరగడమే ఎండోమెట్రియోసిస్. దాన్ని పెంచేది ఈస్ట్రోజెన్. ఆ కణజాలం సొంతంగా కూడా ఈస్ట్రోజెన్ తయారు చేసుకుంటుందట, అదుపు చేయాల్సిన ప్రొజెస్టెరాన్‌కేమో సరిగా లొంగదట. నేను వాడుతున్న డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర నొప్పి తగ్గిస్తుంది గానీ, వాడినన్నాళ్లూ మామూలుగా అండం విడుదల కాదు. అంటే పిల్లల కోసం చూస్తూ అది వేసుకుని లాభం లేదు! ఈ ఒక్క మాట మొదటి ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు. ఆరు నెలలు పోయాయి. నా బాధంతా అదే.

సిస్ట్ తీస్తే అండాల నిల్వ తగ్గొచ్చని ముందు ఏఎంహెచ్ అనే, ఆ నిల్వను అంచనా వేసే రక్తపరీక్ష చేయించారు, 1.4 వచ్చింది. నాకు 33 ఏళ్లు. అందుకే ఆపరేషన్ ప్రస్తుతానికి ఆపి, ట్యూబులు, మావారి వీర్య పరీక్ష చూశాక ఐవీఎఫ్ సంగతి మాట్లాడదామన్నారు.

"నెలనెలా నొప్పి అందరికీ ఉండేదేగా" అనే అత్తయ్య ఇప్పుడు స్కాన్‌కి తోడొస్తున్నారు. రిపోర్టులు శనివారం వస్తాయి.